కావడి బరువు మోసేవాడికే తెలుసు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సందేహం మోసుకొచ్చాయి: వీపున సంచి తగిలించుకుని రోజుల తరబడి నడిచే ప్రయాణానికి ఏ లెన్సులు తీసుకెళ్లాలి? ఒక పాఠకుడైతే తన దగ్గరున్న పదకొండు లెన్సుల పేర్లూ వరసగా రాసి, "వీటిలో ఏవి వదిలేయాలో తేలడం లేదు" అన్నారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఈ విషయానికే ఇచ్చేశాను. పదకొండు లెన్సుల ఆయనకు విడిగా జవాబు రాయడం లేదు. మొదటి జవాబునే ఆయన రెండుసార్లు చదువుకుంటే సరిపోతుంది.

*ప్రశ్న: నా దగ్గర ఫుల్ ఫ్రేమ్ కెమెరా, నాలుగు లెన్సులు ఉన్నాయి: 16–35 ఎఫ్/4, 24–70 ఎఫ్/2.8, 50 ఎఫ్/1.8, 70–200 ఎఫ్/2.8. ఎనిమిది రోజులు గుడారం మోసుకుంటూ కొండల్లో నడవబోతున్నాం. నాలుగూ తీసుకెళ్లమని స్నేహితులు అంటున్నారు, ఒక్కటి చాలదా అని మా ఆవిడ అంటోంది. ఎవరి మాట వినాలి?*

జవాబు: మీ సంచిని స్నేహితులు మోయరు కాబట్టి వాళ్ల మాట పక్కన పెట్టండి. మీ ఆవిడ మాట నేను చెప్పబోయేదానికి చాలా దగ్గరగా ఉంది. కొత్తవాళ్ల కోసం ఒక మాట: 16–35 లాంటి అంకెలు మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్. అది చిన్నదైతే విశాలమైన దృశ్యం పడుతుంది (వైడ్), పెద్దదైతే దూరానిది దగ్గరవుతుంది (టెలి). ఎఫ్ పక్క అంకె లెన్సు రంధ్రానిది (అపెర్చర్), అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది, వెలుతురు ఎక్కువ. ఫుల్ ఫ్రేమ్ అంటే ఫోటో పట్టే సెన్సర్ పాత ఫిల్ము ఫ్రేమంత ఉన్న కెమెరా.

ముందు వంటింట్లో ఉండే తూకం యంత్రం తీసుకుని ఒక్కో లెన్సునూ తూచండి. లెన్సును ఒట్టిగా కాదు. హుడ్డు (ముందు తగిలించే నీడ తొడుగు), రెండు మూతలు, పెట్టుకునే ఒర, అన్నీ కలిపి. కంపెనీ ప్రకటించే బరువులో ఇవేవీ ఉండవు. తూచేటప్పుడు వదిలించుకోగలిగినవి కూడా కనిపిస్తాయి. నికాన్ జడ్ 70–200 ఎఫ్/2.8 ట్రైపాడ్ కాలర్‌తో (మూడుకాళ్ల స్టాండుకు బిగించే పట్టీతో) 1,440 గ్రాములు, అది లేకుండా 1,360. చేతిలో పట్టుకుని తీసేవాడికి ఆ 80 గ్రాములు ఉత్త మోత.

రెండో పని కంప్యూటర్ ముందు కూర్చుని చేసేది. మీ పాత ప్రయాణాల ఫోటోలన్నీ తెరిచి, ఏ లెన్సుతో ఎన్ని తీశారో లెక్కపెట్టండి. ప్రతి ఫోటోలోనూ ఫోకల్ లెంగ్త్ నమోదై ఉంటుంది, వాటిని ఆ వరసలో పేర్చి చూపించే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. నేను ఈ లెక్క మొదటిసారి చేసింది నా మొదటి పెద్ద నడక నుంచి తిరిగొచ్చాక, అంటే చేతులు కాలాక. తొమ్మిది రోజులు, ఐదు లెన్సులు, ఒరలతో కలిపి 3.9 కిలోలు. తీసిన ఫోటోలు 612. అందులో 24–70తో తీసినవి 447, 70–300తో తీసినవి 121. మిగిలిన మూడు లెన్సులూ కలిసి 44. చిన్నవాటిని అతి దగ్గరగా తీసే మాక్రో లెన్సు వాటా మూడు ఫోటోలు, మూడూ ఒకే పువ్వువి, ఆ పువ్వు కూడా గాలికి కదిలిపోయింది. ఆ లెన్సును నేను తొమ్మిది రోజులు మోశాను.

ఆ నడకలోనే ఇంకో సంగతి జరిగింది. మూడో రోజు మధ్యాహ్నం ఒక మలుపు తిరగగానే, మాకు అరవై అడుగుల దూరంలో, రాతి అరుగు మీద ఐదు కొండమేకలు నిలబడి మా వైపే చూస్తున్నాయి. కెమెరాకు 24–70 ఉంది. టెలి లెన్సు ఎక్కడుంది? సంచి అడుగున, నిద్రసంచి కింద. సంచి దింపాను. నడుం పట్టీ విప్పి, వాన తొడుగు లాగి, బట్టల మూట బయట పెట్టి, లెన్సు తీసి, పాతది ఊడదీసి, కొత్తది తిప్పి, అది టక్కుమని కూర్చునేసరికి అరుగు మీద మేకలు లేవు. చిన్న రాళ్లు మాత్రం ఇంకా కిందికి దొర్లుతున్నాయి. సంచి అడుగున ఉన్న లెన్సు ఇంట్లో ఉన్న లెన్సుతో సమానమని అప్పుడు తెలిసింది. కాకపోతే ఇంట్లో ఉన్నదాన్ని మోయనక్కర్లేదు.

కాబట్టి ఒకటి కెమెరాకు ఉంటే, రెండోది నడుం పక్కన చేతికందే ఒరలో ఉండాలి. నడుముకు రెండు పక్కలున్నా రెండో పక్క నీళ్ల సీసాకు కావాలి. అందుకే నా లెక్క రెండు దగ్గర ఆగిపోతుంది. మూడో లెన్సు వస్తానంటే అది గట్టిగా వాదించుకోవాలి.

ఇప్పుడు మీ నాలుగింటి సంగతి. కొండలనగానే అందరి చెయ్యీ వైడ్ యాంగిల్ మీదికి పోతుంది. ఒక చిన్న లెక్క చూడండి. ఐదు కిలోమీటర్ల దూరంలో, మీరు నిలబడ్డ చోటు నుంచి కిలోమీటరు ఎత్తు లేచిన శిఖరం ఉందనుకుందాం. ఎత్తుకూ దూరానికీ నిష్పత్తి ఐదో వంతు. లెన్సు ఫోకల్ లెంగ్త్‌లో ఐదో వంతే సెన్సర్ మీద దాని ఎత్తు. 16 మి.మీ. దగ్గర ఆ మహాశిఖరం 3.2 మిల్లీమీటర్లు, మీ సెన్సర్ ఎత్తు 24. అంటే ఏడో వంతు కూడా రాదు. మీరు మెడ ఎత్తి నోరు తెరిచి చూసిన కొండ ఇంటికొచ్చాక పుట్టలా కనిపించడానికి కారణం ఇదే. అదే 100 మి.మీ. దగ్గరైతే 20 మిల్లీమీటర్లు, ఫ్రేము నిండిపోతుంది. దూరపు కొండకు టెలి లెన్సు కావాలి. వైడ్ లెన్సు కాళ్ల దగ్గరున్నవాటికి పనికొస్తుంది: రాయి, ఏరు, గుడారం, ముందు నడిచేవాడి బూట్లు. అవి ముందు పెద్దగా ఉండి కొండ వెనక ఉంటేనే దానితో తీసిన ఫోటో నిలబడుతుంది.

అందుకని 16–35 ఇంట్లో ఉంచండి. విశాలమైన దృశ్యం ఎదురైనప్పుడు 24–70ని 35 దగ్గర పెట్టి, కెమెరాను నిలువుగా పట్టుకుని, ఎక్స్‌పోజర్, ఫోకస్ రెండూ మారకుండా బిగించి, ఒక్కో ఫ్రేములో మూడో వంతు ముందు ఫ్రేముతో కలిసేలా ఐదారు తీయండి. తర్వాత కంప్యూటర్‌లో అతికించుకోవచ్చు. దగ్గరి వస్తువులు, కదిలే మనుషులు ఉంటే అతుకు కుదరదు, ఒప్పుకుంటాను. 50 కూడా వదిలేయండి, ఆ దూరం 24–70లోనే ఉంది.

ఇక 70–200 ఎఫ్/2.8. మంచి లెన్సే, పెళ్లిళ్లకు. ఎఫ్/2.8కీ ఎఫ్/4కీ తేడా ఒక్క స్టాప్, అంటే వెలుతురులో సగం. ఆ ఒక్క స్టాప్ కోసం మోసే బరువు చూడండి: కానన్ ఈఎఫ్ 70–200 ఎఫ్/2.8 మూడో తరం లెన్సు 1,480 గ్రాములు, ఎఫ్/4 రెండో తరం లెన్సు 780. పగటి వెలుతురులో కొండను ఎలాగూ ఎఫ్/8 దగ్గరే తీస్తారు, అప్పుడు రెండింటికీ తేడా పట్టుకోవడం కష్టం. ఎనిమిది రోజులకు ఎవరి దగ్గరైనా ఎఫ్/4ది మార్పిడి చేసుకోండి, మీ ఎఫ్/2.8 ఇస్తానంటే కాదనేవాడు ఉండడు. అది కుదరకపోతే 24–70 ఒక్కటే తీసుకెళ్లండి. అప్పుడు మీ ఆవిడ గెలిచినట్టు.

*ప్రశ్న: మా అన్నయ్య వాడేసి పక్కన పెట్టిన కానన్ ఏపీఎస్-సీ కెమెరా నాకు వచ్చింది. దానితో పాటు 18–55 కిట్ లెన్సు, 55–250 ఎస్‌టీఎం ఉన్నాయి. నాతో వచ్చేవాళ్లందరి దగ్గరా ఖరీదైనవి ఉన్నాయి. కిట్ లెన్సు చూసి నవ్వుతారేమో అని బెరుకుగా ఉంది.*

జవాబు: నవ్వనివ్వండి. ఎక్కుడు మొదలయ్యాక నవ్వడానికి వాళ్లకు ఊపిరి మిగిలితే కదా.

మీ 55–250 బరువు 375 గ్రాములు. 18–55 రెండు వందల చిల్లర. రెండూ కలిపి ఆరు వందల గ్రాముల లోపే. కానన్ ఏపీఎస్-సీ సెన్సర్ ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది, అందుకని 1.6తో హెచ్చవేస్తే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 29 నుంచి 400 వరకూ మీ చేతిలో ఉంది. పై ఉత్తరం రాసినాయన నాలుగు లెన్సులతోనూ 400 అందుకోలేరు.

లోపాలు లేవని కాదు. వాన, దుమ్ము ఆపే రబ్బరు అంచులు వీటికి లేవు. సాయంత్రం వెలుతురు తగ్గాక 250 దగ్గర ఎఫ్/5.6 చాలదు. పూర్తిగా తెరిచి తీస్తే అంచులు మెత్తబడతాయి. ఎఫ్/8కి దించితే ఆ తేడా చాలా వరకూ పోతుంది. ఎఫ్/16, ఎఫ్/22కి మాత్రం పోకండి. రంధ్రం మరీ చిన్నదైతే కాంతి వంగి ఫోటో మొత్తం మెత్తబడుతుంది. 18 దగ్గర ఎఫ్/8 పెట్టి, రెండు మీటర్లకు కాస్త అవతల ఫోకస్ చేస్తే దాదాపు మీటరు దూరం నుంచి ఆకాశం దాకా అంతా స్పష్టంగానే వస్తుంది. పొద్దున్నే ఒకసారి అలా పెట్టుకుంటే నడుస్తూనే తీసుకోవచ్చు, ఆగి ఫోకస్ కోసం వెతుక్కోనక్కర్లేదు.

గేలెన్ రోవెల్ అని అమెరికన్ పర్వతారోహకుడు ఒకాయన ఉండేవాడు, గొప్ప ఫోటోగ్రాఫర్. 1981లో టిబెట్‌లోని లాసాలో పొటాలా ప్రాసాదం దగ్గర ఇంద్రధనుస్సు కనిపిస్తే, దాని కొస సరిగ్గా ప్రాసాదం మీద వాలినట్టు కనిపించే చోటికి పరుగెత్తాడు. మనం కదిలితే ఇంద్రధనుస్సూ కదులుతుంది కదా. ఆయన చేసింది అదే, కాళ్లతో దాన్ని తీసుకెళ్లి భవనం మీద పెట్టాడు. అక్కడి ఎత్తు మూడున్నర వేల మీటర్ల పైమాట, గాలి పలచన. సంచిలో మూడు కిలోల గాజు ఉంటే ఆ పరుగు సాగేదా? ఆయన బరువు విషయంలో మహా పిసినారి అని పేరు. మీ కిట్ లెన్సు మెడలో వేసుకుని పరుగెత్తి చూడండి. పరుగెత్తగలరు.

*ప్రశ్న: 24–200 లాంటి ఒక్క జూమ్‌తో పని ముగించుకోవచ్చా? అలాంటివాటిలో నాణ్యత ఉండదంటారు.*

జవాబు: ముగించుకోవచ్చు. నికాన్ జడ్ 24–200 బరువు 570 గ్రాములు, పైన చెప్పిన పెద్ద టెలి బరువులో సగం కూడా కాదు. నాణ్యత ఉండదనే మాట ఫిల్ము రోజుల్లోని పెద్ద జూమ్‌లకు చెల్లింది. ఇప్పటివాటిలో మూలలు వెతికితే తప్ప లోపం దొరకదు. అసలు లోటు వేరే ఉంది: 200 దగ్గర ఎఫ్/6.3. పొద్దు వాలాక కదిలే జంతువును దానితో పట్టలేరు. లెన్సులో ఉండే కుదుపు నిరోధకం మీ చెయ్యి వణుకునే ఆపుతుంది, జంతువు నడకను ఆపదు.

మీతో వచ్చేవాళ్లు ఫోటోగ్రాఫర్లు కాకపోతే మరో ఆలోచన లేకుండా దీన్నే తీసుకెళ్లండి. మీరు లెన్సు మార్చే ప్రతిసారీ పది మంది ఆగాలి. మూడోసారి ఎవరూ ఆగరు.

మార్చకుండా ఉండడంలో ఇంకో లాభం ఉంది. ఒకసారి గాలి వీచే కనుమ మీద నిలబడి లెన్సు మారుస్తుంటే వెనక మూత చేతిలోంచి జారింది. అది అంచు మీద నిలబడి, చక్రంలా దొర్లుకుంటూ, ఏమీ తొందర లేనట్టు, వాలు దిగి కనబడకుండా పోయింది. తర్వాత నాలుగు రోజులూ ఆ లెన్సు వెనక భాగానికి ప్లాస్టిక్ సంచీ ముక్క చుట్టి రబ్బరు బ్యాండు వేసుకున్నాను. అదే గాలిలో సెన్సర్ మీద ఒక ధూళి రేణువు వాలింది. ఆ రోజు నుంచి తీసిన ప్రతి ఆకాశంలోనూ, కుడి పక్కన పైన, ఒకే చోట బూడిద రంగు చుక్క. తీరిగ్గా కూర్చుని ఒక్కో ఫోటోలోంచి దాన్ని తుడుచుకున్నాను. మార్చక తప్పకపోతే గాలికి వీపు పెట్టి, కెమెరా ఆపి, దాని నోరు కిందికి ఉంచి మార్చండి. ఊడదీసిన మూత జేబులో పెట్టుకోండి, రాయి మీద కాదు.

*ప్రశ్న: సార్, 35 ఎఫ్/2 ఒక్క ప్రైమ్ (జూమ్ లేని, ఒకే ఫోకల్ లెంగ్త్ ఉన్న) లెన్సుతోనే పన్నెండు రోజుల నడకకు వెళ్లాలని ఉంది. హద్దులుంటేనే కళ పదునెక్కుతుందని నా నమ్మకం. మీరేమంటారు?*

జవాబు: మీ నమ్మకానికి గట్టి సాక్షి ఉన్నాడు. 1927 ఏప్రిల్ 10న అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ కాలిఫోర్నియాలోని యోసెమిటీలో హాఫ్ డోమ్ అనే రాతికొండ ఎదుటికి ఎక్కినప్పుడు పెట్టె కెమెరాతో పాటు, ఫిల్ములా ఒక్కోదాని మీద ఒక్కో ఫోటో పడే గాజు పలకలు పన్నెండు మోసుకెళ్లాడు. అసలు చోటు చేరేసరికి మిగిలినవి రెండే. మొదటిదాన్ని పసుపు ఫిల్టర్‌తో తీశాడు. తీశాక, కొండ తన మనసులో కనిపించినంత గంభీరంగా రాదని తోచి, ఆఖరి పలకకు ముదురు ఎరుపు ఫిల్టర్ తగిలించాడు. ఆకాశం నల్లబడి, ఆ రాతి ముఖం నిలబడిపోయింది. ఆయన పేరు నిలబెట్టిన ఫోటోల్లో అది ఒకటి. వంద పలకలుంటే ఆయన అంతగా ఆలోచించేవాడా అన్నది మీరడగబోయే ప్రశ్న. నాకూ తెలుసు.

అయినా ఒక మాట. "ప్రైమ్ వాడితే కాళ్లే జూమ్" అంటుంటారు. సమతలంలో అది నిజం. కొండదారిలో మీకు ఎడమ పక్క గోడ, కుడి పక్క లోయ. రెండడుగులు వెనక్కి వేయమని ఫోటో అడుగుతుంది. వేస్తే మీ ఫోటో ఇంకొకరు పెట్టుకోవాల్సి వస్తుంది. ఏరు అవతలి ఒడ్డున ఉన్న పక్షి దగ్గరికి ఏ కాళ్లూ తీసుకెళ్లవు. పది మీటర్ల దూరంలో 35 లెన్సుకు అడ్డంగా పది మీటర్ల పైచిలుకు వెడల్పు పడుతుంది, 200 లెన్సుకు 1.8 మీటర్లు. పది మీటర్ల ఫ్రేములో ఆ పక్షి ఎంత ఉంటుందో ఊహించుకోండి. దాన్ని వదిలేసుకోవడం మీకు ఇష్టమైతే, మనుషులే మీ విషయమైతే, 35 చక్కని ఎంపిక. గుడారం లోపల, దీపం వెలుతురులో, పక్కవాడి ముఖానికి అంతకంటే మంచిది లేదు. నేనైతే పక్షిని వదులుకోలేను, అది నా బలహీనత.

వెళ్లేముందు ఒక పరీక్ష పెట్టుకోండి. మీ జూమ్‌ను 35 దగ్గర పెట్టి, తిప్పే పట్టీ మీద టేపు అంటించేయండి. ఒక రోజంతా అలా నడవండి. టేపు పీకేయాలని ఎన్నిసార్లు చెయ్యి వెళ్లిందో లెక్కపెట్టుకోండి. ఆ పరీక్షలో నేను ఉదయం పదింటికే టేపు పీకేశాను.

*ప్రశ్న: రాత్రిపూట పాలపుంత తీయాలని కోరిక. దానికి ఎఫ్/1.4 లెన్సు తప్పదంటున్నారు, నిజమేనా? నా దగ్గర 24 మి.మీ. దగ్గర ఎఫ్/4 తెరుచుకునే జూమ్ మాత్రమే ఉంది.*

జవాబు: తప్పదని కాదు కానీ ఎఫ్/4తో కష్టమే. భూమి తిరుగుతుంది కాబట్టి ఎక్కువ సేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి. పాత లెక్క ఒకటుంది: 500ని ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే వచ్చేదే గరిష్ఠ సెకన్లు. 24కి దాదాపు 20. ఇప్పటి కిక్కిరిసిన సెన్సర్లకు అది కూడా ఎక్కువే, నేను 13 దగ్గర ఆపుతాను. అంత తక్కువ సమయంలో ఎఫ్/2.8 మీ ఎఫ్/4 కంటే రెండింతలు, ఎఫ్/1.4 ఎనిమిదింతలు వెలుతురు పట్టుకుంటాయి.

కానీ దానికోసం కిలో లెన్సు అక్కర్లేదు. సోనీ 24 ఎఫ్/1.4 జీఎం 445 గ్రాములు. కానన్ ఆర్‌ఎఫ్ 16 ఎఫ్/2.8 అయితే 165 గ్రాములే, చొక్కా జేబులో పడుతుంది. పైన మూడో లెన్సు వాదించుకోవాలన్నాను కదా, 165 గ్రాముల లెన్సు వాదనను నేను వింటాను.

అసలు బరువు లెన్సుది కాదు, ట్రైపాడ్‌ది. నేను దాన్ని వదిలేసి చాలా కాలమైంది. ఒక మేజోడు తీసుకుంటాను, ఉతికినదే. దాన్ని ఇసుకతోనో సన్న గులకరాళ్లతోనో నింపి ముడి వేస్తే చిన్న దిండు అవుతుంది. రాయి మీద దిండు, దిండు మీద కెమెరా. రెండు సెకన్ల టైమర్ పెట్టి చెయ్యి తీసేస్తే చాలు, వణుకు ఉండదు. పొద్దున్నే ఇసుక అక్కడే పోసేయండి.

అన్నిటికంటే ముందు పంచాంగమో క్యాలెండరో చూసి అమావాస్యకు దగ్గరగా బయల్దేరండి. నిండు చందమామ ఉంటే ఎఫ్/1.4 కూడా చేతులెత్తేస్తుంది.

*ప్రశ్న: పువ్వులు దగ్గరగా తీయడానికి మాక్రో లెన్సు తీసుకెళ్లాలా?*

జవాబు: పైన నా మూడు ఫోటోల కథ చదివాక కూడానా? ఎక్స్‌టెన్షన్ గొట్టం తీసుకెళ్లండి. అందులో గాజు ఉండదు, ఉత్త గాలి. లెన్సును సెన్సర్‌కు కాస్త దూరం జరపడమే దాని పని. 50 మి.మీ. దగ్గర 25 మి.మీ. గొట్టం తగిలిస్తే వస్తువు అసలు పరిమాణంలో సగం మేర అదనంగా పెద్దదవుతుంది. అది తగిలించినంతసేపూ దూరాన ఉన్నది ఏదీ ఫోకస్ కాదు, కంగారు పడకండి.

*ప్రశ్న: వాన, చలి, తేమ నుంచి లెన్సులను ఎలా కాపాడుకోవాలి? యూవీ ఫిల్టర్, పోలరైజర్ రెండూ కావాలా?*

జవాబు: యూవీ ఫిల్టర్‌తో ఫోటోకు ఒరిగేదేమీ లేదు. డిజిటల్ సెన్సర్ ముందున్న గాజే ఆ యూవీ, అంటే అతినీలలోహిత కిరణాలను చాలా వరకూ ఆపేస్తుంది. గీతలు పడకుండా కాపాడేందుకు కావాలంటే వేసుకోండి, నేను హుడ్డునే నమ్ముతాను. పోలరైజర్ వేరు, అది చేసే పనిని కంప్యూటర్ పూర్తిగా చేయలేదు: తడి ఆకు మీద, నీటి మీద మెరుపును తీసేస్తుంది. సూర్యుడికి 90 డిగ్రీల పక్కన దాని ప్రభావం ఎక్కువ. అందుకే వైడ్ లెన్సుతో ఆకాశంలో ఒక పక్క ముదురు నీలం, మరో పక్క వెలిసిపోయిన నీలం వస్తాయి. స్టాప్‌న్నర నుంచి రెండు స్టాప్‌ల వెలుతురు కూడా తినేస్తుంది. లెన్సుల ముందు ఫిల్టర్ బిగించే మరల్లో పెద్దదానికి సరిపోయేది ఒక్కటి కొని, చిన్నదానికి రింగు వేసుకుంటే రెండింటికీ అదే.

చలి లెన్సుకు హాని చేయదు. చలి నుంచి వెచ్చదనంలోకి రావడమే ప్రమాదం. నలుగురు పడుకున్న గుడారంలో ఊపిరి ఆవిరి ఎంత ఉంటుందో తెల్లవారి పైకప్పు తాకితే తెలుస్తుంది. చల్లబడిన కెమెరాను అందులోకి తెస్తే ఆ ఆవిరి గాజు మీద, ఒక్కోసారి గాజు లోపల కూడా, మంచులా పడుతుంది. లోపలికి తేవడానికి ముందే ప్లాస్టిక్ సంచిలో పెట్టి గాలి పోకుండా మూసేయండి. చెమట సంచికి పడుతుంది, లెన్సుకు కాదు. గంట ఆగి తెరవండి. అద్దం మీద పడ్డ తేమను నోటితో ఊది తుడిచే అలవాటుంటే మానుకోండి. గడ్డకట్టే చలిలో ఆ ఊపిరే పొరలా పేరుకుంటుంది. ఇది స్వానుభవం, ఒక సూర్యోదయం పోయింది.

తిరిగొచ్చాక లెన్సులను సంచిలోనే వదిలేయకండి. తడిసిన సంచి మూసి ఉంచితే గాజు మీద బూజు దారాల్లా పాకుతుంది. అది ఒకసారి పూతను తింటే తుడిచినా మచ్చ పోదు. ఆ రోజే బయటికి తీసి, గాలి తగిలే వెలుతురు చోట పెట్టండి.

*ప్రశ్న: బాబూ, నాకు 66 ఏళ్లు. నడక మానలేదు గానీ మోకాళ్లు ఒకప్పటిలా లేవు. కెమెరా, రెండు లెన్సులు కలిపి రెండు కిలోలు. మా అమ్మాయి "ఫోను చాలు, అవన్నీ ఇంట్లో పెట్టమ్మా" అంటోంది. మనసు ఒప్పడం లేదు.*

జవాబు: అమ్మా, మీ అమ్మాయి సగం నిజం చెప్పింది. ఫోనులోని ప్రధాన కెమెరా ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 24 నుంచి 28 మి.మీ. మధ్య ఉంటుంది. అంటే మీ జేబులో వైడ్ లెన్సు ముందే ఉంది. దాన్ని మళ్లీ గాజుగా మోయడం ఎందుకు? దారి, గుడారం, తోటివాళ్లు, పొద్దున్నే లోయలో మంచు: ఇవన్నీ ఫోనుకు వదిలేయండి.

ఫోను చేయలేనిది దూరం. అందుకని కెమెరాకు ఒకే ఒక్క తేలికపాటి టెలి లెన్సు పెట్టుకోండి. కానన్ ఆర్‌ఎఫ్ 100–400 ఎఫ్/5.6–8 లాంటిది 635 గ్రాములు, చూడటానికే పెద్దది. మీ కెమెరా ఏ కంపెనీదో రాయలేదు. చాలా కంపెనీల్లో అపెర్చర్ తగ్గించి బరువు తగ్గించిన టెలి ఒకటి దొరుకుతుంది. నేనూ పోయినేడు ఇలాగే వెళ్లాను, ఎడమ భుజం మొండికేయడంతో. మొదటి రెండు రోజులు చెయ్యి అలవాటుగా లేని 24–70 కోసం నడుం దగ్గర తడుముకుంది. మూడో రోజు మర్చిపోయింది.

కెమెరాను మెడలో వేలాడదీయకండి, దిగేటప్పుడు ఊగి రాయికి కొట్టుకుంటుంది, మోకాలి మీదికి తూకం తప్పిస్తుంది. సంచి భుజం పట్టీకి బిగించే కొక్కెం దొరుకుతుంది. ఛాతీ పక్కన కదలకుండా ఉంటుంది, ఒక్క నొక్కుతో చేతికొస్తుంది. రెండు చేతులూ ఊతకర్రలకు మిగులుతాయి. రాత్రి చలిలో బ్యాటరీలు త్వరగా దిగిపోతాయి కాబట్టి కెమెరా బ్యాటరీలను, ఫోనునూ నిద్రసంచి లోపల, మీ పక్కనే పెట్టుకుని పడుకోండి.